ఈసారి ఆగిపోయేది ఏ పెట్టె?

“ఏటి మాస్టారూ, ఈ పెట్టె ఇంకెన్నాళ్లొస్తాది?”

మొన్న జయపురం వెళ్లినప్పుడు నా పాత శిష్యుడొకడు అడిగిన ప్రశ్న ఇది. పెట్టె అంటే ట్రంకు పెట్టె కాదు, వీడియో గేమ్ పెట్టె. బజారు వెనక సందులో అతనికి చిన్న గేమ్ పార్లర్ ఉంది. నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్ 4 పెట్టెలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకో ఫ్యాను. గంటకింత అని తీసుకుంటాడు. దసరా సెలవుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. పరీక్షలప్పుడు ఈగలు తోలుకోవడమే.

ఆ నాలుగింటిలో ఒకటి డిస్కు మింగుతోంది గానీ కక్కడం లేదు. ఇంకొకటి అరగంట ఆడితే చాలు, పిండిమరలా మోత పెడుతోంది. బ్యాంకులో లోను పెట్టి కొత్త రకం కొనాలా, లేకపోతే విశాఖ నుంచి సెకండ్ హ్యాండ్‌లో అదే పాత రకం మరో రెండు తెచ్చుకోవాలా అన్నది అతని గొడవ. కొన్న మర్నాడే కంపెనీ ఆ మోడల్ ఆపేస్తే? సామాను దొరక్కపోతే? పెట్టిన డబ్బు నీళ్లపాలే కదా.

నవ్వొచ్చే సంగతేమిటంటే, 1998లో ఇదే శిష్యుణ్ని వీడియో గేమ్ షాపులోంచి చెవి పట్టుకుని బడికి లాక్కొచ్చింది నేనే. అప్పుడు ఎనిమిదో క్లాసు. గంటకు ఐదు రూపాయలు పెట్టి మారియో ఆడేవాడు. ఇప్పుడు అదే ఆట మీద అతని ఇల్లు గడుస్తోంది, సలహా కోసం నా దగ్గరికే వచ్చాడు. తెలీదు పొమ్మనడానికి మనసొప్పలేదు. నెల రోజులు మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పెట్టెల జాతకాలు తిరగేశాను. ఇలాంటి పార్లర్లు రాయగడ, గుణుపురం, సునాబేడల్లోనూ ఉన్నాయి కాబట్టి తేలిన సంగతి నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

చెప్పి ఆపేది తక్కువ

ముందుగా ఒక మాట. ఈ పెట్టె అమ్మితే కంపెనీకి మిగిలేది తక్కువ. ఒక్కోసారి నష్టానికే అమ్ముతారు. ప్లేస్టేషన్ 3 మొదట్లో అలాగే అమ్మారు. లాభమంతా ఆ తర్వాత మనం కొనే ఆటల మీద, నెలనెలా కట్టే చందాల మీద. పెట్టె అనేది గేలానికి గుచ్చిన ఎర అన్నమాట. చేపలు పడినంత కాలం ఎర వేస్తారు. పడడం తగ్గితే గేలం చుట్టేస్తారు.

అంచేత జనం కొనని పెట్టె తొందరగా పోతుంది. సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ 1998 నవంబరులో జపాన్‌లో పుట్టింది. 2001 జనవరిలోనే ఇక చెయ్యమన్నారు. నింటెండో వారి వీ యూ 2012లో వచ్చి 2017 జనవరికల్లా ఆగింది. అదే ప్లేస్టేషన్ 2 చూడండి. 2000 మార్చిలో వచ్చింది, 2013 జనవరి దాకా తయారవుతూనే ఉంది. దాదాపు పదమూడేళ్లు, 15 కోట్ల పైచిలుకు పెట్టెలు.

మన పక్క దానికి అంత ఆయుష్షు ఎందుకొచ్చిందో పార్లర్ వాళ్లనడిగితే చెప్తారు. పాత డబ్బా టీవీకి మూడు రంగుల వైర్లు గుచ్చితే బొమ్మ వచ్చేది. ఇంటర్నెట్ అక్కర్లేదు. చిప్పు వేయిస్తే నకిలీ డిస్కులూ ఆడేవి. అది తప్పే అనుకోండి, కానీ అసలు డిస్కు కొనగలిగే స్తోమత ఇక్కడ ఎంతమందికి ఉండేది? హైదరాబాద్‌లో మన తెలుగు కుర్రాళ్లూ దానికి ఆటలు చేశారు. మొత్తం మన దేశంలోనే తయారైన మొదటి ప్లేస్టేషన్ ఆటగా పేరుపడ్డ ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో హైదరాబాద్ నుంచే వచ్చింది. అంతకన్నా చిత్రం, అక్కడి గేమ్‌శాస్త్ర సంస్థ షారుఖ్ ఖాన్ సినిమా ‘డాన్ 2’ని ప్లేస్టేషన్ 2కి ఆటగా చేస్తే, అది 2013లో, అంటే పెట్టె తయారీ ఆపేశామని సోనీ చెప్పాక బయటికొచ్చింది! పుట్టిల్లు వదిలేసినా అత్తింట్లో కాపురం చేసిన పెట్టె అది.

ఆపేటప్పుడు కంపెనీలన్నీ ఒక్కలా చెప్పవు. 2016 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360ని ఆపుతున్నామని బాహాటంగా ప్రకటించింది. మంచిదే. దాని తర్వాతి ఎక్స్‌బాక్స్ వన్ విషయానికొస్తే, ఆ రకం పెట్టెలన్నిటి తయారీ 2020 చివరికల్లా ఆగిపోయిందన్న సంగతి లోకానికి తెలిసింది 2022 జనవరిలో. ఏడాది పైన ఆ కబురు గోప్యంగానే ఉంది. ఆ ఏడాదిలో షాపులో మిగిలిన పెట్టెను కొత్తదనుకుని కొన్నవాడి సంగతేమిటి?

బంతి చెప్పే జోస్యం

కంపెనీ చెప్పకపోతే మనకెలా తెలియాలి? దీనికి నాకొక గుర్తు దొరికింది. కనిపెట్టింది నేను కాదు, మా మనవడు. పార్లర్లలో ఎక్కువగా ఆడేది ఫుట్‌బాల్, కుస్తీ, జీటీఏ. ఇందులో ఫుట్‌బాల్ ఆట ఏటా కొత్తది వస్తుంది. అది ఏ పెట్టెకి రావడం మానేస్తే ఆ పెట్టె పని అయిపోయినట్టే.

ప్లేస్టేషన్ 2కి చివరి ఫిఫా 2013లో వచ్చిన ఫిఫా 14. పెట్టె పుట్టిన పదమూడో ఏట. ప్లేస్టేషన్ 3 పుట్టింది 2006 నవంబరులో, దానికి చివరిది 2018లో వచ్చిన ఫిఫా 19. పన్నెండేళ్లు. జపాన్‌లో ఆ పెట్టె తయారీ 2017లోనే ఆగింది. అంటే పెట్టె ఆగాక కూడా ఏడాది బంతి దొర్లిందన్నమాట. ఇక ప్లేస్టేషన్ 4 పుట్టింది 2013 నవంబరులో. మన దేశానికి 2014 జనవరిలో 39,990 రూపాయలకు వచ్చింది. పన్నెండు, పదమూడేళ్ల లెక్క వేస్తే బంతి ఆగాల్సింది 2025, 2026 ప్రాంతంలో. 2025 సెప్టెంబరులో వచ్చిన ఫుట్‌బాల్ ఆట ప్లేస్టేషన్ 4కీ వచ్చింది. ఫిఫా పేరు పోయి ఇప్పుడు దాన్ని ఎఫ్‌సీ అంటున్నారు. ఇంకొక ఏడాది వస్తుందేమో, మహా అయితే రెండేళ్లు. అంతకు మించి నేను పందెం కాయను.

మిగతా గుర్తులూ అటే చూపిస్తున్నాయి. 2026 జనవరి నుంచి నెలనెలా చందాదారులకిచ్చే ఆటల్లో ప్లేస్టేషన్ 4 ఆటలు ముఖ్యం కాబోవని సోనీ ఏడాది ముందే చెప్పింది. కుర్రాళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసే జీటీఏ ఆరో భాగాన్ని ప్లేస్టేషన్ 5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ పెట్టెలకీ మాత్రమే ప్రకటించారు. ప్లేస్టేషన్ 4 పేరు అందులో లేదు.

కాబట్టి వరసలో ముందున్నది ప్లేస్టేషన్ 4. దాని వెనకాల నింటెండో మొదటి స్విచ్. 2017 మార్చిలో వచ్చి 15 కోట్లు దాటి అమ్ముడైంది. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చేసింది, పాత క్యాసెట్లు చాలామటుకు అందులోనూ ఆడతాయి. ఇక పాతదాన్ని చేస్తూ కూర్చోవాల్సిన అవసరం కంపెనీకి రోజురోజుకీ తగ్గుతుంది. మన దేశంలో నింటెండో నేరుగా అమ్మదు, దొరికేదంతా దొడ్డిదారి సరుకు. గ్యారంటీ ఉండదు. పార్లర్ వాళ్లు దాని జోలికి పోకపోతేనే మేలు.

అసలు ఆగబోయేది పెట్టె కాదు

ఇంతవరకూ తేలాక శిష్యుడికి ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. కానీ లెక్కలు చూస్తుంటే అనుమానం ఇంకోదాని మీదకు మళ్లింది. ఏ పెట్టె ఆగుతుందన్నది చిన్న ప్రశ్న. పెద్ద ప్రశ్న డిస్కు పెట్టే గాడి ఆగుతుందా అన్నది.

2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడే రెండు రకాలుగా వచ్చింది, డిస్కు ఉన్నది, లేనిది. 2023లో వచ్చిన సన్న రకంలో డిస్కు డ్రైవును ఊడదీసి పెట్టుకునేలా చేశారు. 2024 నవంబరులో వచ్చిన ప్రో రకంలో డ్రైవే లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అయితే పుట్టడమే డిస్కు లేకుండా పుట్టింది. 2024లో పెద్ద ఎక్స్‌బాక్స్ ఎక్స్‌కి కూడా డిస్కు లేని తెల్ల రకం తెచ్చారు. దారి ఎటు పోతోందో చూడ్డానికి జ్యోతిష్యుడు అక్కర్లేదు. నా జోస్యం ఇదీ: ఇక రాబోయే తరం పెట్టెలో డిస్కు గాడి ఉంటే అది అదనపు ఖర్చు మీదే ఉంటుంది.

బెంగళూరులో ఉన్నవాడికి ఇది పెద్ద విషయం కాదు. గోడలోంచి ఫైబర్ తీగ వస్తుంది, రాత్రి నొక్కి పడుకుంటే పొద్దున్నకి ఆట దిగి ఉంటుంది. మనకలా కాదు. పెద్ద ఆట ఒక్కోటి వంద జీబీ పైన ఉంటోంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోన్ ప్యాకు మీద దించాలంటే, ఇంకేమీ చూడకుండా ఉంటే, అరవై ఏడు రోజులు. ఈలోపు ఘాట్‌లో కొండచరియ విరిగి కేబుల్ తెగితే లెక్క మళ్లీ మొదటికి. మాచ్‌ఖండ్ కరెంటు పుట్టే జిల్లాలో వానొస్తే కరెంటు పోవడం మామూలే కదా. డౌన్‌లోడ్ సగంలో ఉండగా పోతే ఆ తిట్లు పత్రికలో రాయలేం.

డిస్కు ఉంటే కథ వేరు. ఆడేశాక అమ్ముకోవచ్చు. రాయగడ పార్లర్ వాడు జయపురం పార్లర్ వాడితో మార్చుకోవచ్చు. పార్వతీపురంలో చదువుకునే బావమరిది పండగకి వస్తూ సంచిలో వేసుకొస్తాడు. మూడు వేలో నాలుగు వేలో పెట్టి ఒకడు కొన్న డిస్కును ఊళ్లో పదిమంది ఆడతారు. పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లాడికి కూడా గంట కిరాయికి అందేది అలాగే. డిస్కు లేని ఆట కొన్నవాడి అకౌంటుకే అతుక్కుపోతుంది. అమ్మలేడు. ఇంకొకడికి ఇవ్వాలంటే పాస్‌వర్డుతో సహా ఇచ్చెయ్యాల్సిందే.

పైగా ఆట దించుకునే దుకాణమే మూసేస్తే? అదీ జరుగుతోంది. నింటెండో 3డీఎస్, వీ యూ దుకాణాల్లో కొనడం 2023 మార్చిలో ఆగిపోయింది. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో మూతపడింది. ప్లేస్టేషన్ 3 దుకాణం కూడా మూస్తామని 2021 మార్చిలో సోనీ ప్రకటించింది. ఆడేవాళ్లు గోల పెట్టారు. ఏప్రిల్‌కల్లా వెనక్కి తగ్గారు. గోల పెడితే వింటారని దీంతో తెలుస్తోంది. అయితే ఆ గోలలో మన కొరాపుట్ గొంతు ఎక్కడుంది?

ప్లేస్టేషన్ 4 లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. గడియారం నడిపే బ్యాటరీ. అది చచ్చిపోతే పెట్టె కంపెనీ కంప్యూటర్ని టైము అడిగి సరిచేసుకునేది. రేపు ఆ కంప్యూటర్ని కంపెనీ కట్టేస్తే చేతిలో డిస్కు ఉన్నా ఆట ఆడదని కనిపెట్టినవాళ్లు గొడవ చేశారు. 2021 సెప్టెంబరులో ఒక అప్‌డేట్‌తో ఆ లోపం పోయింది. కిళ్లీ కొట్లో దొరికే బ్యాటరీ మీద నలభై వేల పెట్టె ప్రాణం ఆధారపడి ఉండేదన్నమాట. నా శిష్యుడికి ఈ సంగతి తెలీదు. మీలో పాత పెట్టె కొన్నవాళ్లుంటే, కొనేటప్పుడే అప్‌డేట్ అయిందో లేదో చూసుకోండి.

సునాబేడ ముచ్చట

తయారీ ఆగడం వేరు, వాడకం ఆగడం వేరు. ఈ తేడా మన జిల్లా వాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. సునాబేడలో హెచ్ఏఎల్ ఇంజన్ల ఫ్యాక్టరీ 1964లో పెట్టిందే మిగ్-21 ఇంజన్ల కోసం. ఆ విమానం తయారీ సోవియట్‌లో 1985లో ఆగింది. మన వాయుసేన దాన్ని సాగనంపింది 2025 సెప్టెంబరు 26న. పుట్టింట్లో ఆగాక నలభై ఏళ్లు ఎగిరింది! ఇంజను విప్పి, కడిగి, అరిగింది మార్చి, మళ్లీ బిగించే చేతులు ఇక్కడుండబట్టే కదా. మరీ ఎక్కువ కాలం లాగారన్న విమర్శ ఉంది, కూలిన విమానాలూ ఉన్నాయి, దాన్నేం కాదనను. కానీ యంత్రం ఆయుష్షు చేసేవాడి చేతిలోనే కాదు, బాగుచేసేవాడి చేతిలోనూ ఉంటుంది.

ఆటల పెట్టెల్లోనూ ఇలాంటి ముచ్చట ఉంది. నా శిష్యుడు 1998లో ఆడిన పెట్టె నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకలు. అసలుదాని తయారీ 2003 సెప్టెంబరులో ఆపేశారు. మరమ్మతుకి తీసుకోవడం 2007 అక్టోబరు దాకా సాగింది. పుట్టిన ఇరవై నాలుగేళ్ల దాకా అన్నమాట. నకలు మాత్రం ఆ తర్వాత కూడా మేళాల్లో అమ్మారు. దాంతో వచ్చే బాతుల్ని కాల్చే తుపాకీ ఒక్కటే పనికిరాకుండా పోయింది. అది పాత డబ్బా టీవీలో గీత గీతగా కదిలే వెలుగును పట్టి పనిచేసేది. పలక టీవీలో ఆ వెలుగు అలా రాదు. తుపాకీని చంపింది కంపెనీ కాదు, టీవీ.

బ్రెజిల్ సంగతి ఇంకా బావుంటుంది. అక్కడ టెక్‌టాయ్ అనే స్థానిక కంపెనీ సెగా దగ్గర లైసెన్సు తీసుకుని, సెగా వదిలేసిన పాత పెట్టెల్ని దశాబ్దాల పాటు చేసి అమ్మింది. పేదవాడు కొనగలిగే ధరకి. మన దగ్గర అలాంటి ప్రయత్నం ఎవరైనా చేస్తే కొనేవాళ్లు లేకపోతారా?

మరి ప్రభుత్వం? ‘రైట్ టు రిపేర్’ మీద 2022 జులైలో కేంద్రం కమిటీ వేసింది. ఆ డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు-ఎలక్ట్రానిక్స్, ఇంటి వస్తువులు, వాహనాలు అని నాలుగు వర్గాలు పెట్టారు. ఆటల పెట్టెకి విడిగా చోటు లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఈ-వ్యర్థాల నియమాల పట్టికలో మాత్రం వీడియో గేమ్‌ల పేరు స్పష్టంగా ఉంది. అంటే చచ్చాక చెత్త లెక్కలో పేరు పలికింది గానీ, బతికుండగా బాగుచేసే లెక్కలో పలకలేదు. ఏ సంవత్సరం దాకా సామాను ఇస్తామో, ఏ సంవత్సరం దాకా మరమ్మతు చేస్తామో పెట్టె మీద అచ్చు వెయ్యమని కంపెనీల్ని ఆదేశిస్తే సగం గొడవ తీరుతుంది. మందు సీసా మీద తేదీ వెయ్యగా లేనిది, యాభై వేల పెట్టె మీద వెయ్యలేరా?

శిష్యుడికి నేను చెప్పింది

బాగున్న రెండు ప్లేస్టేషన్ 4 పెట్టెల్ని అమ్మొద్దన్నాను. పిండిమరలా మోగేదాన్ని దుమ్ము దులిపించి, లోపల చల్లదనానికి పెట్టే పేస్టు మార్పించమన్నాను. జయపురంలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు ఆ పని చేస్తారు. డిస్కు కక్కనిదాన్ని పారెయ్యకుండా సామాను కోసం దాచుకోమన్నాను. సెకండ్ హ్యాండ్‌లో అదే రకం కొనడం మానెయ్యమన్నాను. కొత్తగా కొంటే ఒక్కటే, డిస్కు గాడి ఉన్న ప్లేస్టేషన్ 5. పాత డిస్కులు చాలావరకు అందులోనూ ఆడతాయి కాబట్టి ఇన్నాళ్లు కూడబెట్టిన డిస్కుల పెట్టుబడి పోదు. అయిదు, పదివేలు తక్కువని డిస్కు లేనిది కొనవద్దని రెండుసార్లు చెప్పాను.

డబ్బు సంగతీ ఉంది. ముద్రా లోనులో శిశు రకం పరిమితి యాభై వేలు. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 ఇక్కడికొచ్చిన ధర 49,990. పది రూపాయలు మిగిలేది! 2022 నవంబరులో 54,990 చేశారు. ఇప్పుడు ఒక్క పెట్టెకే పై రకం లోను అడగాలి, పైన టీవీ, కంట్రోలర్ వేరే.

ఇంకొక్క మాట కూడా చెప్పాను. ఇది సరిహద్దు జిల్లాల వాళ్లంతా గుర్తుపెట్టుకోదగ్గది. మనం కొనేది చాలామటుకు సుంకి, సాలూరు దాటి విశాఖలోనో, విజయనగరంలోనో. వస్తువు తేడా వస్తే ఆ రాష్ట్రం చుట్టూ ఎవడు తిరుగుతాడని వదిలేస్తుంటాం. 2020 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం కొన్న చోటే కాదు, మనం ఉంటున్న జిల్లా కమిషన్లోనూ ఫిర్యాదు వేసుకోవచ్చు. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని షాపు వాడు వాదిస్తాడు. సొంతంగా పనిచేసుకుని పొట్ట పోసుకోవడానికి కొన్నదైతే ఆ వాదన చెల్లదని అదే చట్టంలో ఉంది. మా మనవడి పెట్టె పాడైతే పెద్ద ఊరి సర్వీసు సెంటరొకటి “ఆ మోడల్ ఆగిపోయిందండీ” అని ఒక్క ముక్కతో పంపేసినప్పుడు ఈ సంగతి తెలియక తిరిగొచ్చేశాను. కంపెనీ పేరు ఇప్పుడెందుకులెండి. అసలు తప్పు నాది కూడా, బిల్లు పారేసుకున్నాను.

అంచేత బిల్లు తప్పకుండా తీసుకో బాబూ, జీఎస్టీ బిల్లు, పెట్టె మీది సీరియల్ నంబరుతో సహా, అని చెప్పాను.

శిష్యుడు ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు: “బిల్లయితే రెండేలు ఎక్కువవుద్దంటన్నాడు మాస్టారూ, ఆ షాపోడు.”